బిందె నడుమున అతుకు

ఉదయగిరిలో మా అక్క ఇల్లు బస్టాండుకు దగ్గర కాదు. అయినా వింజమూరు నుంచి వచ్చే సాయంత్రం బస్సు ఊరి బయట మలుపు తిరుగుతూ కొట్టే హారన్ ఆ ఇంట్లోకి స్పష్టంగా వినపడేది. ఆ డ్రైవరుకు అదో అలవాటు. మలుపులో గొర్రెలు ఉన్నా లేకపోయినా అరచెయ్యి హారన్ మీద పెట్టి, ఊరు కనపడేదాకా తీసేవాడు కాదు. శనివారమైతే ఆ శబ్దం విని అక్క లేచి ఎసరు పెట్టేది. బావ బస్సు దిగి, నడిచి వచ్చి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అన్నం ఉడుకు పట్టి ఉండేది.

ఇది తొంభైల నడుమ, ఒక ఏడాదికి కాస్త అటూ ఇటూగా సాగిన సంగతి. అప్పుడు నేను ఆత్మకూరులో ఒక దినపత్రికకు విలేకరిని. బావ షెడ్డు కూడా ఆత్మకూరులోనే ఉండేది.

బావ మాకు మేనమామ కొడుకు. పెళ్లికి ముందు నుంచే మద్రాసులో ఉద్యోగం. అంబత్తూరు వైపు ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో, టేపు క్యాసెట్ల డొప్పలు అతికే చోట షిఫ్టు సూపర్‌వైజరు. అక్క ఉదయగిరిలో టీచరు. ఆమె తన ఉద్యోగం వదలదు, ఆయనకు పనికొచ్చే ఉద్యోగం ఇక్కడ దొరకదు. పెళ్లయినప్పటి నుంచి వాళ్ల కాపురం సెలవల మీదే నడిచింది. క్రిస్మస్‌కు వచ్చేవాడు. ఎండాకాలం నాలుగు రోజులు ఉండేవాడు. ఎవరైనా పోతే వచ్చి, మట్టి చేసి, మర్నాడు వెళ్లిపోయేవాడు.

వాళ్లకు ఒక కూతురు. అప్పటికి ఆరేళ్లుంటాయి. తండ్రి గుమ్మంలోకి రాగానే ఆ పిల్ల లోపలికి పరుగెత్తి కుర్చీ ఈడ్చుకొచ్చి వేసేది. "కూర్చో నాయనా, అమ్మ వస్తాది" అనేది. ఇంటికి వచ్చిన పెద్దవాళ్లకు అట్లా మర్యాద చేయాలని అక్క నేర్పింది. పిల్ల అందరికీ చేసినట్టే తండ్రికీ చేసింది. ఆ కుర్చీ చూసిన రోజే మద్రాసు వదిలేయాలనుకున్నానని బావ ఒకసారి నాతో అన్నాడు. ఇంకే కారణమూ చెప్పలేదు. ఇక్కడే సొంతంగా ప్లాస్టిక్ సామాను అతికి అమ్ముదామనుకున్నాడు.

ఫ్యాక్టరీ మేనేజరు మంచివాడు. ఉద్యోగం మానేసినట్టు రాయకుండా జీతం లేని సెలవు కింద పెట్టాడు. వచ్చే ఎండాకాలం దాటేలోగా తిరిగొస్తే సీటు ఉంటుందన్నాడు. ఈ మాట బావ సంతోషంగా చెబుతుంటే అక్క అన్నం వడ్డిస్తూ విన్నది. నేను పక్కనే తింటున్నాను.

"బావా, ఈసారి ఈడ నిలబడితే నిలబడు" అన్నది. "నిలబడలేక పోయినావనుకో, మళ్లీ వస్తా, మళ్లీ మొదలుపెడతా అని మటుకు నాకు చెప్పబాక. ఒకసారైతే ఎదురు చూస్తా. రెండోసారి నా వల్ల కాదు."

"ఏందే, టీచరమ్మ అప్పుడే పరీక్ష పెట్టేసినావు" అని బావ నవ్వాడు.

అక్క నవ్వలేదు. "పప్పు వేసుకో" అన్నది.

ఉదయగిరిలో కరెంటు నిలకడగా ఉండదని ఆత్మకూరులో షెడ్డు తీసుకున్నాడు. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడ. శనివారం సాయంత్రం వింజమూరులో బస్సు మారి ఉదయగిరి చేరడం, ఆదివారం గుడికి వెళ్లి ఆరాధన చూసుకుని, ఇంట్లో ఉండి, సోమవారం తెల్లవారే బయల్దేరడం. మద్రాసుతో పోలిస్తే ఇది దూరమే కాదు. వ్యాపారం కుదురుకుంటే అందరూ ఒక చోటికి చేరవచ్చని, అక్క బదిలీకి ప్రయత్నించవచ్చని అనుకున్నారు.

మద్రాసు నుంచి లారీలో దిగిన మిషను పాతది. దాని పేరు అల్ట్రాసోనిక్ వెల్డింగ్ మిషను. ఆ పేరు ఆత్మకూరులో ఎవరి నోరూ తిరగలేదు. దానికి కింది వైపున, గంటలాగా వేలాడే లోహపు దిమ్మె ఒకటి ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లు దాన్ని హారన్ అంటారు. అందుకని అది హారన్ మిషనైంది, షెడ్డు హారన్ షెడ్డయింది.

మొదలుపెట్టిన రోజు ఉదయగిరి నుంచి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మిషను మీద చెయ్యి పెట్టి, చాలాసేపు చేశారు. ఆమెన్ అన్నాక అందరూ ఆ హారన్ ఎట్లా మోగుతుందో విందామని నిలబడ్డారు. కొందరు చెవుల దగ్గరికి చేతులు కూడా తెచ్చుకున్నారు. బావ మీటలు రెండూ నొక్కాడు. దిమ్మె కిందికి దిగింది, పిల్లల గిలక్కాయ డొప్పలు రెండింటి మీద క్షణం సేపు నిలిచింది, పైకి పోయింది.

వెనక నుంచి ఒక పెద్దాయన అడిగాడు. "ఏంది, కరెంటు పోయిందా?"

"లేదు, అయిపోయింది" అన్నాడు బావ.

"ఏం అయిపోయింది? హారన్ మోగనే లేదే."

బావ గిలక్కాయ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన మెలిపెట్టాడు, లాగాడు, పంటితో కొరికి చూశాడు. "ఇది ఒకటే ముక్కరా" అన్నాడు.

"రెండు ముక్కలే పెద్దయ్యా, నువ్వు చూస్తానే ఉంటివి గదా."

"నువ్వు చెప్పినావు గాబట్టి రెండు" అని ఆయన దాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నాకు బావ చెప్పిన వివరం ఇది. ఆ దిమ్మె మనిషి చెవికి అందనంత వేగంగా అదురుతుంది. అది పై డొప్పను తాకితే ఆ అదురు ప్లాస్టిక్ లోంచి కిందికి దిగి, రెండు డొప్పలు కలిసే చోటికి చేరుతుంది. అక్కడ వెంట్రుకలాంటి సన్నటి గట్టు ఒకటి అచ్చులోనే పోసి ఉంటారు. ఆ గట్టు కింది డొప్పతో రాసుకుని, వేడెక్కి, కరిగి, అదురు ఆగగానే గడ్డకడుతుంది. జిగురు లేదు, మేకు లేదు, మంట లేదు. మనకు వినపడదు గానీ, టీ కొట్టు దగ్గర పడుకునే కుక్క మాత్రం మొదటి రోజే ఆ వీధి వదిలేసింది. టీ కొట్టాయనకు అదేమీ నచ్చలేదు. "దానికేందో తెలిసుండాది" అనేవాడు.

నేను నాలుగు ముక్కలు రాసి, కవర్లో పెట్టి, బస్సులో నెల్లూరు ఆఫీసుకు పంపాను. డెస్కులో ఎవరో 'ఆత్మకూరులో మోగని హారన్' అని శీర్షిక పెట్టారు. దాంతో కలిగిరి నుంచి కూడా జనం చూడటానికి వచ్చారు. చూసి, ఏమీ వినపడక, టీ తాగి వెళ్లారు.

గిలక్కాయలు బాగా వచ్చాయి. గట్టి ప్లాస్టిక్, పలచటి డొప్పలు. దిమ్మె తాకే చోటికి సరిగ్గా కిందనే అతుకు. ఒక్కటి కూడా ఊడి వెనక్కి రాలేదు. తిరునాళ్లలో, దర్గా ఉరుసుల్లో అమ్ముడుపోయాయి. తర్వాత నెల్లూరు హోల్‌సేలు కొట్లలో ఢిల్లీ సరుకు దిగింది. దాంట్లో రంగులెక్కువ, పాట కూడా పాడుతుంది. "మీ దానికి గిరాకీ లేదన్నా" అని కొట్టాయన మొహం మీదే చెప్పాడు. వానలు వెళ్లేసరికి షెడ్డులో గిలక్కాయల అట్టపెట్టెలు గోడ వెంబడి పేరుకున్నాయి. గాలి వీస్తే చిన్నగా గలగలమనేవి.

అప్పుడు బావకు నీళ్ల బిందె ఆలోచన వచ్చింది. మా మెట్టలో ఎండాకాలం ట్యాంకరు నీళ్లు వస్తాయి. పట్టి నిలబెడితే అడుగున వేలెడు మన్ను. పైభాగం, కింది భాగం వేరువేరుగా చేసి, మధ్యలో ఇసుక, బొగ్గు పోసిన జల్లెడ పళ్లెం పెట్టి అతికేస్తే, మోసుకొచ్చే బిందెలోనే నీళ్లు వడకట్టుకుంటాయి. ఫ్లోరైడ్ దీంతో పోదని ఆయనే అందరికీ ముందు చెప్పేవాడు. మన్నూ నలకలూ పోతాయి, అంతే. మధ్యలో పళ్లెం ఉన్న సామాను అచ్చులో గాలి ఊది ఒకే ముక్కగా చేయలేరు కాబట్టి పెద్ద కంపెనీల ప్లాస్టిక్ బిందెలు దీనికి పోటీ రావు. అతికే మిషను ఉన్నవాడే చేయగలడు. సీతారామపురం వైపు ఊళ్లలో ఆడవాళ్లను అడిగి వచ్చాడు. చేస్తే కొంటామన్నారు.

బొమ్మ గీసుకుని ఆదివారం అక్కకు చూపించాడు. నిలువు డబ్బా, పైన మూతి కిందనే అతుకు. అక్క చూసి నవ్వింది. లోపల నుంచి బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి నడుం మీద పెట్టుకుని నడిచింది. రెండడుగులకు జారిపోయింది. పట్టుకుని మళ్లీ పెట్టుకుంది, మళ్లీ జారింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

"ఆడది మోసే సామాను మగాడు గీస్తే ఇట్టానే ఉంటాది" అన్నది అక్క. "బిందెకు నడుము ఉండాల బావా. మన నడుము దాని నడుమును పట్టుకోవాల. ఇట్టాంటి డబ్బా నేనైతే మోయను."

తర్వాత వంటింట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి బోర్లించింది. మా అవ్వ కాపురానికి తెచ్చుకున్న బిందె అది. పొట్ట చుట్టూ, మధ్యలో, అతుకు గీత ఉంది. అక్క దాని మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"ఇదిగో, దీనికీ అతుకు నడుము కాడే ఉండాది. ఇన్నేండ్లయినా ఊడలా. నువ్వూ ఈడనే పెట్టు."

బావ ఆ గీతను చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం ఉన్నంత సంతోషంగా ఆయన ఉండటం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బొమ్మ మళ్లీ గీశాడు. అక్క పక్కన కూర్చుని మూతి ఎంత ఉండాలో, పొట్ట ఎంత ఉండాలో చెప్పింది. ఇద్దరూ కలిసి ఒక పని చేయడం వాళ్ల కాపురంలో అదే మొదలేమో.

మద్రాసులో అచ్చు చేయించాడు. ఉన్నదంతా ఆ అచ్చుకే అయిపోయింది. నీలం రంగు డొప్పలు సంచుల్లో వచ్చాయి. పీపీ అనే మెత్తటి ప్లాస్టిక్, కిందపడినా పగలదు. కింది డొప్పలో పళ్లెం పెట్టి, పై డొప్ప బోర్లించి, మూతి అంచు మీద దిమ్మె దించాడు. క్షణం ఆగి పైకి పోయింది. మూతి పట్టి ఎత్తితే పై డొప్ప చేతిలోకి వచ్చింది. కిందిది బల్ల మీదే ఉండిపోయింది.

"ఇంకాస్సేపు పెట్టాల" అన్నాడు.

పెట్టాడు. మళ్లీ అంతే. మూతి అంచున దిమ్మె గుర్తు మాత్రం పడింది.

షెడ్డులో పని చేసే పెద్దామె, గిలక్కాయల నాటి నుంచి ఉన్న మనిషి, వంగి మూతినీ నడుమునూ తాకి చూసింది. "ఆడ కాల్తాండాది సారూ, ఈడ చల్లగుండాది" అన్నది.

"దూరం గదమ్మా" అన్నాడు బావ. నా వైపు తిరిగాడు. "వింజమూరు బస్సు మలుపు కాడ కొడితే మీ అక్క ఇంట్లోకి వినపడట్లా? ఆ డ్రైవరు ఊరికే అట్టా తొక్కిపట్టి కొడతాడా? దూరానికి గట్టిగా కొట్టాల, అంతే."

నాకూ అది న్యాయంగానే తోచింది. పేరే హారన్ అయినప్పుడు ఇంకెట్లా ఆలోచిస్తాం? క్యాసెట్ల దగ్గర ఆయనకు ఈ అవసరం రాలేదు. అక్కడ అతుకు ఎప్పుడూ దిమ్మె కిందే ఉండేది. ఎవరో ముందే ఆలోచించి అట్లా పెట్టి ఉంటారు. ఆయన మీట నొక్కేవాళ్లను చూసుకునేవాడు.

ఒత్తిడి పెంచాడు, సమయం పెంచాడు. అప్పుడు మిషను నిజంగానే మోగింది. కీచుమని, పళ్లు పులిసేటట్టు, వీధి చివరికంటా వినపడేటట్టు మోగింది. టీ కొట్టాయన గ్లాసు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడు గదా హారన్! ఇన్నాళ్లూ ఏమైంది దీనికి?"

దారిన పోయేవాళ్లు ఆగి బావను మెచ్చుకున్నారు. మిషను బాగైందనుకున్నారు. మూతి అంచు కరిగి మైనంలాగా వంగిపోయి, షెడ్డంతా వాసన. నడుము దగ్గర వేలు పెట్టి చూశాను. గోడను తాకినట్టే చల్లగా ఉంది.

రోజుల తరబడి అట్లాగే చేశాడు. ఒక్కోసారి నాలుగైదు చోట్ల చుక్కల్లాగా అంటుకునేది. నీళ్లు పోస్తే నడుము చుట్టూ చెమట పట్టినట్టు ఊరేది. చివరికి ఎస్టీడీ బూతు నుంచి మద్రాసుకు ఫోన్ చేసి, మిషను అమ్మినవాళ్ల మెకానిక్కును పిలిపించాడు. నెల్లూరు బస్సు దిగి వచ్చిన ఆ మనిషి మిషను ముట్టుకోనే లేదు. ముందు బిందె చేతికి తీసుకున్నాడు. మూతి మీద బొటనవేలు, నడుము మీద చిటికెన వేలు పెట్టాడు. చెయ్యి పూర్తిగా చాపాల్సి వచ్చింది.

"ఇంత దూరమా సార్!" అన్నాడు.

బావ ఆ చాపిన చెయ్యి వంకే చూశాడు.

"ఈ మెత్తటి సరుకుకు దిమ్మె తాకే చోటికీ అతుక్కీ నడుమ పావు అంగుళం. అది దాటితే కష్టం సార్. గట్టి ప్లాస్టిక్ అయితే ఇంకాస్త దూరం పోతుంది. తలుపు తడితే లోపలికి వినపడుతుంది. పరుపు తడితే వినపడుతుందా? ఇది పరుపు. మీరు కొట్టిందంతా అదే మింగేస్తా ఉంది. పైగా ఈ వంపు. అదురు తిన్నగా దిగేదానికి దారి లేదు."

"గట్టిగా కొడితే?"

"గట్టిగా కొడితే కొట్టిన చోటే కాలుతుంది సార్."

గట్టి ప్లాస్టిక్‌తో అదే అచ్చులో కొన్ని డొప్పలు పోయించి చూడమన్నాడు. తర్వాత బావ పోయించి తెచ్చాడు. అవి చాలా వరకు అతుక్కున్నాయి. పెద్దామె ఒకదాంట్లో నీళ్లు నింపి చంకనెత్తుకుని, కావాలనే వదిలింది. గాజు బిందెలాగా ముక్కలైంది. వంపు తీసేసి, అతుకు మూతి దగ్గరికి తెస్తే పని అవుతుందని మెకానిక్కు చెప్పే వెళ్లాడు. కానీ అతుకు మూతి దగ్గరుంటే కింది ముక్క పొట్ట పెద్దదిగా, నోరు చిన్నదిగా ఉండటానికి లేదు. అట్లాంటి ముక్క అచ్చులోంచి బయటికి రాదు. నిలువు డబ్బా అయితేనే వస్తుంది. అంటే బావ మొదట గీసిందే. దానికి కొత్త అచ్చు కావాలి. కొత్త అచ్చు అనే మాట ఇక ఎత్తే స్థితి లేదు.

మెకానిక్కు వచ్చిన రోజు, అతన్ని బస్సెక్కించి వస్తూ బావ నాతో అన్నాడు. "నడుము సంగతి మీ అక్కకు చెప్పబాక అబ్బయా."

"మరేమని చెప్పేది?"

"మిషను పాతదని చెప్పు. అది అబద్ధం గూడా కాదు."

బడికి ఎండాకాలం సెలవలిచ్చారు. అక్క పిల్లను తీసుకుని మొదటిసారి ఆత్మకూరు వచ్చింది. బావ ఇంకా కొడుతూనే ఉన్నాడు. మద్రాసు మేనేజరు పెట్టిన గడువు దగ్గర పడుతోంది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎన్నో చెడగొట్టాక, కొంచెం నిలిచినట్టు కనపడిన బిందె ఒకటి బావ పక్కన పెట్టి ఉంచాడు. అక్క దాన్ని చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ముచ్చటపడింది. బావ సగం దాకా నీళ్లు పట్టాడు.

"నిండా పట్టు. సగం బిందె ఎవరు మోస్తారు?" అన్నది.

"ఇప్పటికి చాల్లే."

"ఏంది చాలేది?" అని తానే కొళాయి కింద పెట్టి నింపింది. నడుం మీద పెట్టుకుంది. అది చక్కగా కుదిరింది. ఆమె నడుమూ బిందె నడుమూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే ఉంది. కొళాయి దగ్గర నుంచి షెడ్డు గేటు దాకా నడిచింది. పిల్ల పక్కనే నడిచింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, బావ వైపు చూసి, "చూసినావా?" అన్నట్టు తలెగరేసింది. తిరిగి వచ్చేటప్పుడు, దాదాపు మా దగ్గరికి వచ్చాక, బిందె నడుము దగ్గర తెరుచుకుంది. నీళ్లన్నీ చీర మీద పడ్డాయి. ఇసుక, బొగ్గు కాళ్ల మీద పడ్డాయి. పై డొప్ప ఆమె చేతిలో ఉంది. కిందిది దొర్లుకుంటూ పోయి మిషను కాలికి తగిలి ఆగింది.

పిల్ల పకపకా నవ్వి, మా మొహాలు చూసి ఆపేసింది.

"దెబ్బేమన్నా తగిలిందా అమ్మా?" అన్నది పెద్దామె.

"చీరే గదా" అన్నది అక్క. వెళ్లి కింది డొప్ప తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని, ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఇంట్లో ఇత్తడి బిందె మీద తిప్పినట్టే ఆ అతుకు చుట్టూ వేలు తిప్పింది. అక్కడొక చుక్క, అక్కడొక చుక్క తప్ప ఎక్కడా కరగలేదు. తర్వాత మూతి చూసింది. నల్లగా, వంకరగా కాలిపోయి ఉంది. ఆమె తెలివిగలది.

"అతుకు ఇంకాస్త పైన, మూతి కాడ పెట్టకూడదా బావా?"

"పెట్టొచ్చు."

"మరి?"

"అప్పుడు నడుము రాదు."

అక్క రెండు డొప్పలూ అరుగు మీద పెట్టింది. "నేను చెప్పబట్టేనా?" అన్నది.

"మిషను పాతది" అన్నాడు బావ.

"మిషను సంగతి నేను అడగలా."

బావ చేతిలోని గుడ్డతో దిమ్మె తుడుస్తూ నిలబడ్డాడు. అక్క కొంగు పిండుకుంది. నీళ్లు అరుగు మీద నుంచి బొగ్గు పొడితో నల్లగా కారాయి.

"చెప్పుంటే డబ్బానే మోసుండేదాన్ని గదా" అన్నది.

"మోయనంటివి."

"అంటి" అని ఒప్పుకుంది అక్క. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి మాట్లాడటం నేను వినలేదు.

ఎండాకాలం దాటకముందే బావ మద్రాసు వెళ్లిపోయాడు. ఆత్మకూరు బస్టాండులో నేనే ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చుని, పావు అంగుళం అని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య సందు చూపించి, నవ్వబోయి మానేశాడు. ఆ చేత్తోనే నా భుజం తట్టాడు. మిషను నెల్లూరులో ఎవరో పాత ఇనుము కింద తీసుకున్నారు. గిలక్కాయలు పెద్దామె అడిగితే ఇచ్చేశాను. ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డ చేతిలోనూ చాలాకాలం అవే కనపడేవి. ఏ ఒక్కటీ ఊడలేదు. కుక్క మళ్లీ టీ కొట్టు దగ్గరికి వచ్చి పడుకుంది.

వాళ్లు విడిపోయారని చెప్పడానికి లేదు. తగువు పడలేదు, పెద్దల్లోకి వెళ్లలేదు. ఆ క్రిస్మస్‌కు బావ వచ్చాడు. పిల్ల కుర్చీ వేసింది. తిన్నాక మెల్లగా, కావలి దగ్గర ఎవరో షెడ్డు చూపిస్తామన్నారని మొదలుపెట్టాడు. అక్క కంచాలు తీస్తూ, "నాకు చెప్పబాకని ముందే అంటి గదా బావా" అన్నది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయన ఏదన్నా బదులు చెప్పి ఉండేవాడు. తర్వాతి క్రిస్మస్‌కు ఫ్యాక్టరీలో పనుందని రాలేదు. ఆ పైన వచ్చిందీ రానిదీ నేను గమనించడం మానేశాను.

చాలాకాలం తర్వాత ఒక శనివారం నీటి ఎద్దడి వార్తకని సీతారామపురం వెళ్లి వస్తూ ఉదయగిరిలో ఆగాను. పెరట్లో కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. నీలం రంగు కింది డొప్పలో. పిల్ల పొడుగైంది. నాకు కుర్చీ వేసి, లోపలికి పోయి చదువుకుంటోంది. అక్క వరండాలో చాప మీద కూర్చుని బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పొద్దు కొండ వెనక్కి పోతోంది.

మలుపులో బస్సు హారన్ వినపడింది. అదే డ్రైవరో, ఇంకొకరో గానీ, అదే తొక్కిపట్టిన హారన్. ఊరు కనపడేదాకా మోగుతూనే ఉంది. అక్క తలెత్తలేదు.

"అక్కా, బస్సు" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వినపడింది" అని అక్క ఇంకో పేపరు తిప్పింది.